కోటిరత్నం ఎడమ చేతి రాత

బాపట్లలో మా వీధి మొత్తం మీద కోటిరత్నాన్ని తిట్టే హక్కు నాకొక్కదానికే ఉంది. ఇరవై ఏళ్ళుగా ఎదురెదురు ఇళ్ళవాళ్ళం. వరసకు ఏమీ కాకపోయినా వదినా అని పిలుస్తాను. బట్టల కొట్టులో నిలబడి చీరలు చూపించీ చూపించీ మోకాళ్ళు అరిగిపోయాక పని మానేసింది. ఆ మర్నాటి నుంచే సాయంత్రం అయిదింటికి వసారాలో చాప పరిచి, వీధి పిల్లల చేత హోంవర్కు చేయించడం మొదలుపెట్టింది. ఎవరి దగ్గరా ఏమీ తీసుకోదు.

ఎందుకంత తాపత్రయమో నాకు తెలుసు. పేరాలలో మగ్గం ఇల్లు వాళ్ళది. పొద్దున్నే మగ్గానికి నూలు కండెలు చుట్టి బడికి పోయేది. హోంవర్కు చేయలేదని రోజూ వేళ్ళ కణుపుల మీద స్కేలు దెబ్బలు. ఎనిమిదో తరగతిలో బడి మానేసింది. "నా చాప మీద కూర్చున్న పిల్ల రేపు బడిలో దెబ్బ తినకూడదు సుశీలా" అనేది.

అందుకోసం ఒక పని చేసేది. ఏడయ్యేసరికి పిల్లలకు కళ్ళు మూతలు పడేవి. మిగిలిపోయిన హోంవర్కు తనే రాసేసేది, అదీ ఎడమ చేత్తో. కుడిచేతి రాతైతే టీచర్లు పట్టేస్తారు. ఎడమ చేత్తో రాస్తే అచ్చం పిల్లల రాతలాగే వంకరటింకరగా వచ్చేది. "ఏంటొదినా, ఈ వయసులో మళ్ళీ అక్షరాభ్యాసమా?" అని ఆటపట్టించాను. నవ్వింది. నేనూ నవ్వాను. తప్పని చెప్పాల్సింది, చెప్పలేదు. తలుచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే ఒళ్ళు మండుతుంది.

ఎక్కువగా రాసింది యాస్మిన్‌కి. నాలుగో తరగతి పిల్ల. తండ్రి పోయాడు. తల్లి నాగూర్‌బీ పొద్దున ఆరింటికి రొయ్యల షెడ్డు వ్యాను ఎక్కితే మళ్ళీ దిగేది రాత్రి ఎనిమిదికే. ఇంటి పనంతా ఆ తొమ్మిదేళ్ళ పిల్లదే. గురుకులంలో అయిదో తరగతి సీటు వస్తే హాస్టల్లో ఉంటుంది, వేళకు తింటుంది, ఒంటరిగా తలుపు గడియ పెట్టుకుని తల్లి కోసం కూర్చోనక్కర్లేదు. నాగూర్‌బీ ఆశంతా ఆ ప్రవేశ పరీక్ష మీదే. తనకు చదువు రాకపోయినా రోజూ కూతురి నోటు పుస్తకం తిరగేసి, నిండిన పేజీలు చూసుకుని మురిసిపోయేది.

సీటు రాలేదు.

జాబితా వచ్చిన మర్నాడు ఆదివారం. కోటిరత్నం వసారాలో కూర్చుని చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తున్నాను. నాగూర్‌బీ కూతుర్ని వెంటబెట్టుకుని వచ్చింది. పిల్ల మోచేయి కమిలి ఉంది.

"మీరెంతో కష్టపడ్డారక్కా. ఇదే మొద్దు. భాగహారాలన్నీ వదిలేసి వచ్చిందంట. రోజూ పుస్తకంలో చేసినవే కదా అంటే నోరు విప్పదు. నిన్న కొట్టానండి. అయినా చెప్పలేదు. మీరన్నా అడగండి."

యాస్మిన్ తల వంచుకునే నిలబడింది. ఒక్క మాట చెప్పి ఉంటే ఆ దెబ్బలు తప్పేవి. కోటిరత్నం పేరు బయట పెట్టలేక ఓర్చుకుంది.

ఊరుకో వదినా అని కళ్ళతో సైగ చేశాను. అవును, చేశాను. అబద్ధమెందుకు? కోటిరత్నం నా వైపు చూడనే లేదు. పిల్ల భుజానున్న బడి సంచిలోంచి పుస్తకం తీసి, ఎడమ చేత్తో ఒక భాగహారం వేసి నాగూర్‌బీ ముందు పెట్టింది.

"పాత పేజీలతో పోల్చి చూడు. అవన్నీ నేను రాసినవే. నిద్రకు తూగుతుంటే జాలిపడి రాశాను. దానికి భాగహారం నేర్పలేదు. సీటు పోయింది నా వల్లే నాగూర్‌బీ."

నాగూర్‌బీ చాలాసేపు పేజీలు తిప్పింది. తిట్టిపోస్తుందనుకున్నాను. పుస్తకం కింద పెట్టి, కూతుర్ని దగ్గరకు లాక్కుని, కమిలిన చోట బొటనవేలితో నిమిరింది.

"దెబ్బలు పడకుండా చూశాననుకున్నాను" అంది కోటిరత్నం. ఆమె ఏడవడం నేను చూడటం అదే మొదటిసారి.

నాగూర్‌బీ లేచి మెట్టు దాకా వెళ్ళి ఆగింది.

"రేపు పంపిస్తానక్కా. నాకు వేరే చోటు లేదు. కాకపోతే ఒకటండి. నాకు చదువు రాదు. ఏం రాసున్నా నా కూతురే రాసిందనుకుంటా. అది చేయని రోజు పేజీ ఖాళీగా వదిలెయ్యండి. ఖాళీ పేజీ అయితే నేనూ చదవగలను."