వేయని మెగ్నీషియం

నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. ఆ ఉదయం మైక్రోస్కోపులో చూసేసరికి ఇంకా రేగింది. గుండ్రంగా ఉండాల్సిన కణ కేంద్రకాలు ఉబ్బి, చిట్లి, గొట్టం అడుగున జిగురుగా సాగుతున్నాయి.

హైటెక్ సిటీలో సాఫ్ట్‌వేర్ ఆఫీసుల మధ్య ఇరుక్కున్న చిన్న ల్యాబ్ మాది. కణాల్లోంచి కేంద్రకాలను చెదరకుండా బయటికి తీసి, ఏ జన్యువులు పనిచేస్తున్నాయో, ఏవి మూతపడి ఉన్నాయో చూడటం నా ఉద్యోగం. లోపల డీఎన్‌ఏ ఒంటరిగా ఉండదు. చుట్టూ ఉన్న లవణాలు, ముఖ్యంగా మెగ్నీషియం, దాన్ని చుట్టగా బిగించి ఉంచుతాయి. అవి తగ్గితే చుట్ట వదులై, మూతపడి ఉండాల్సిన జన్యువులు కూడా తెరుచుకోవచ్చు. మరీ తగ్గితే ఇదిగో, ఇలా జిగురే. అందుకే మేం కలిపే ద్రావణం కేంద్రకం లోపలి వాతావరణానికి దగ్గరగా ఉండాలి.

మేనేజరు గారు వచ్చి "ఏమైందండీ?" అన్నారు.

"సీసాలో సబ్బు మిగిలిందండీ. సరిగ్గా కడగలేదు," అన్నాను, ఒక్క క్షణం కూడా ఆలోచించకుండా. సబ్బు తగిలినా కేంద్రకం పొర చిట్లుతుంది కాబట్టి ఆయన నమ్మారు.

సీసాలు కడిగేది బోరబండ నుంచి వచ్చే ఒకావిడ. కాంట్రాక్టు మనిషి. పిలిచి అందరి ముందూ దులిపేశాను. "మూడుసార్లు కడిగిన మేడం," అంది. నాకు కథలు చెప్పొద్దన్నాను. మేనేజరు గారు కాంట్రాక్టరుకు ఫోన్ చేసి, రేపటి నుంచి వేరే మనిషిని పంపమన్నారు.

మళ్లీ ద్రావణం కలుపుదామని మెగ్నీషియం క్లోరైడ్ డబ్బా తీశాను. పాతది అయిపోతే స్టోరు నుంచి తెచ్చుకున్న కొత్త డబ్బా. సీలు విప్పలేదు. ద్రావణాల లెక్క రాసే పుస్తకంలో మాత్రం దాని పేరు పక్కన నేను పెట్టిన టిక్కు ఉంది. మా అందరికీ ఉన్న పాడు అలవాటది. పని త్వరగా తెమలాలని, తూచకముందే జాబితా మొత్తానికి టిక్కులు కొట్టేస్తాం.

అంటే ముందు కలిపిన ద్రావణంలో మెగ్నీషియం నేను వేయనే లేదు. ఎవరూ చూడలేదు. ఆ సీలు చింపేస్తే ఎప్పటికీ ఎవరికీ తెలియదు. చింపడానికి గోరు ఆనించాను కూడా. నా మీద నాకే అసహ్యం వేసి, డబ్బా, పుస్తకం పట్టుకెళ్లి మేనేజరు గారి బల్ల మీద పెట్టాను.

"తప్పు నాదండీ. ఆవిడది కాదు."

ఆయన టిక్కు వైపు చూశారు. ఫోన్ తీశారు. కాంట్రాక్టరు ఎత్తగానే, "పాత మనిషినే ఉంచండి," అన్నారు ఆయన.

కడిగే గదిలోకి పరుగెత్తాను. ఆవిడ అరల్లోని శుభ్రమైన సీసాలన్నీ దించి మళ్లీ కడుగుతోంది. వేళ్లు నీళ్లలో నాని తెల్లగా ముడతలు పడ్డాయి.

"ఇంక ఆపు అక్కా. తప్పు నీది కాదు, నాది. రేపు కూడా నువ్వే రావాలి."

ఆవిడ కుళాయి కట్టేయకుండానే నావైపు తిరిగింది.

"నిజమా మేడం? సదువుకున్నోళ్లు చెప్పిన్రు గదా, నేనే సబ్బు ఇడ్సిన కావచ్చు అనుకున్న. పొద్దుగాల్ల సంది నా చేతుల మీద నాకే నమ్మకం లేకుంటయింది."