కాటారం దగ్గర తెగులును పెంచే మడి

పోయిన వానాకాలం పెద్దవంగరలో మా తమ్ముడు రమేశ్ వేసిన మూడెకరాల వరి ఈనిన తరువాత తెల్లబారిపోయింది. దూరం నుంచి చూస్తే కంకులు నిండుగానే ఉన్నాయి. చేత్తో పట్టుకుంటే మెడ దగ్గర విరిగి తాలు రాలింది. అగ్గితెగులు కంకి దాకా ఎక్కిందన్నారు. అప్పుడు పొలం చూడటానికి వచ్చిన ఒక మొక్కల శాస్త్రవేత్త ఎండిన కంకులు కొన్ని కవరులో వేసుకుని వెళ్ళారు. నవంబరులో ఆమే ఫోన్ చేసి, యాసంగి నారు పోయకముందే కాటారం దగ్గరి తన మడికి ఒకసారి వచ్చి చూడమన్నారు. మళ్ళీ అదే రకం విత్తనం తెచ్చిపెట్టుకున్న రమేశ్ రానన్నాడు. జనగామ బడిలో టీచర్‌గా పనిచేసే నేను ఆదివారం బయలుదేరాను.

ఉదయం ఆరు గంటల బస్సుకు హనుమకొండ చేరి, అక్కడ పరకాల, భూపాలపల్లి మీదుగా కాళేశ్వరం వెళ్ళే బస్సు ఎక్కాను. ఆర్డినరీ, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆధార్ చూపిస్తే ఆడవాళ్ళకు టికెట్ డబ్బులు అక్కర్లేదు. భూపాలపల్లి దాకా బొగ్గు లారీల రొద. ఆ తరువాత అడవి మొదలైంది. పొద్దెక్కినా మంచు విడవలేదు. పదకొండున్నరకు కాటారంలో దిగి ఆటో మాట్లాడుకున్నాను. డ్రైవర్ మాటకారి మనిషే గానీ, ఒక మలుపు దగ్గర బండి ఆపేసి ముందుకు రానన్నాడు.

"మా పొలం గీడికి దగ్గర్నే ఉన్నదక్కా. గా మడి గాలి మోసుకపోయి నా నారుకు అంటిస్తనా?" అన్నాడు. వంద రూపాయలు తీసుకుని, మడి వైపు చూడకుండానే బండి తిప్పుకున్నాడు.

అక్కడి నుంచి పది నిమిషాల నడక. చుట్టుపక్కల కోతలు అయిపోయాయి. అడవి అంచున ఆ ఒక్క మడిలోనే వరి నిలబడి ఉంది. మడి చుట్టూ నాలుగు వరుసలు బూడిద రంగులో ఎండిపోయి ఉన్నాయి. లోపల వరుసకొక రకం, ఒక్కోదానికి నంబరు చీటీ. గింజ పట్టని కంకుల మీద పిట్ట వాలదు కాబట్టి చప్పుడే లేదు. నా అడుగుల శబ్దం నాకే ఎబ్బెట్టుగా వినిపించింది. ఎండిన వరుసలు ప్రమాదవశాత్తు ఎండినవి కావు. తెగులు త్వరగా సోకే రకాన్ని వెతికి మరీ చుట్టూ నాటుతారు, దాని నుంచి లోపలి వాటికి అంటుకోవాలని.

మడి చూసుకునే సమ్మక్క పదిహేనేళ్ళుగా అక్కడే పనిచేస్తోంది. సాయంత్రం నీళ్ళు చల్లి, ఆ తేమకు తెగులు పెరిగేలా ప్లాస్టిక్ పట్టా కప్పడం, తెల్లవారి తీయడం ఆమె పని. భయం వేయదా అని అడిగాను.

"పొద్దుగాల పట్టా తీస్తె నిన్న లేని మచ్చ ఉంటది. నేను చూస్తుండంగ మాత్రం ఎన్నడు రాలే," అంది మెల్లగా.

శాస్త్రవేత్త రేకుల షెడ్డులో ఉన్నారు. యాభై దాటిన మనిషి. సొంతూరు గార్ల దగ్గర. ఒకప్పుడు ఆ ఊళ్ళో తెగులు తట్టుకుంటుందని తానే ఒక రకం వేయించారట. రెండేళ్ళు బాగా పండి, మూడో ఏడు ఊరంతా ఎండిందట. అప్పటి నుంచీ ఎక్కడ పొలం ఎండినా వెళ్ళి ఆ తెగులుకు కారణమైన బూజు తెచ్చి, రైతులు వేసే ప్రతి రకం మీద చల్లి చూస్తున్నారు.

"విత్తనం మారలేదమ్మా, బూజు మారింది. అది నాకంటే ముందు నేర్చుకుంటది," అన్నారు.

మా పొలం కంకి నుంచి పెంచిన బూజును మైక్రోస్కోపులో చూపించారు. గాజులా పారదర్శకంగా, నీటిబొట్ల ఆకారంలో, ఎంతో శుభ్రంగా ఉంది. అది రమేశ్ పొలాన్ని తిన్నదంటే నమ్మబుద్ధి కాలేదు. చూస్తున్నంతసేపూ అదీ నన్ను చూస్తున్నట్టే అనిపించి కన్ను తీసేశాను. తరువాత ట్రేల దగ్గరకు తీసుకువెళ్ళారు. రమేశ్ తెచ్చిపెట్టుకున్న రకం నారు, దాని మీద మా బూజే చల్లి పది రోజులైంది. ఆకు ఆకుకూ నూలు కండె ఆకారంలో మచ్చలు, మధ్యలో బూడిద రంగు. సగం మొక్కలు వాలిపోయాయి. పక్క ట్రేలో వేరే రకం పచ్చగా ఉంది.

అక్కడి నుంచే రమేశ్‌కు ఫోన్ చేశాను. వాడు అప్పటికే వడ్లు నానబెట్టి మొలక కోసం కుప్పగా మండె కట్టాడట, మొలకలు కూడా వచ్చాయట.

"ఊరంత గదే పోస్తుండ్రక్కా. నేనొక్కన్నే ఆగాల్నా?" అన్నాడు.

ఫోన్ ఆమెకు ఇచ్చాను. ఆమె వాణ్ణి బతిమాలలేదు. గొంతు తగ్గించి గార్ల సంగతి మొత్తం చెప్పి, "అప్పుడు నాకు ఎవ్వరు చెప్పలే రమేశూ. నీకు నేను చెప్తున్న," అన్నారు.

ఆ సాయంత్రం రమేశ్ మొలకెత్తిన వడ్లన్నీ బర్రెలకు పెట్టాడు. మరునాడు ఆమె చెప్పిన రకం కోసం తొర్రూరు వెళ్ళాడు. ఊళ్ళో ఇల్లిల్లూ తిరిగి చెబితే నలుగురే విన్నారు. జనవరి చివర నేను వెళ్ళేసరికి ఆ ఐదుగురి మడులు తప్ప మిగతావి చాలావరకు నిప్పు తగిలినట్టున్నాయి. రమేశ్ సంతోషంగా లేడు. ఇంకొక్కసారి తిరగాల్సింది అన్నాడు. పచ్చటి మడి గట్టు మీద నిలబడి ఆ మాట వింటుంటే, గార్ల పేరు చెప్పేటప్పుడు ఆమె గొంతు ఎందుకు తగ్గిందో అర్థమైంది. వచ్చే వానాకాలానికి ఊళ్ళో ఎవరు ఏ విత్తనం కొనాలన్నా ముందు ఆమెకు ఫోన్ చేయమంటున్నాడు వాడు.

మీరూ వెళ్ళేట్టయితే ఒక్క మాట. ముందుగా ఫోన్ చేసి అనుమతి తీసుకోండి, మార్చుకోవడానికి ఒక జత బట్టలు, వేరే చెప్పులు తీసుకెళ్ళండి. అక్కడ వేసుకున్నవి సంచిలో కట్టి, ఇంటికి రాగానే ఉతికేయండి. ఆ రోజు మాత్రం మీ పొలంలో అడుగు పెట్టకండి.