జామతోటలోని డిస్కు

2023 జూలై 14, శుక్రవారం, ఉదయం పదిగంటల ఇరవై నిమిషాలు. ఆకాశం మబ్బు పట్టి ఉన్నా చినుకు పడలేదు. పడమటిగాలి వీథిలోని దుమ్మును నగరి బస్టాండు వైపు తోలుకుపోతున్నది. ఆ వేళ, మిత్రుడు పరంధామయ్య షెడ్డులో, లోకేశ్వరిని నేను మొదటిసారి చూశాను. కంప్యూటర్లు బాగుచేసే దుకాణం నడుపుతున్న ఆమెకు నలభై ఒక్క ఏండ్లు, నేతపనివారి ఇంట పుట్టిన బిడ్డ. నేలమీద కూర్చుండి, విప్పిన కంప్యూటరులోని డిస్కు డ్రైవును దూది చుట్టిన పుల్లతో తుడుస్తున్నది.

పరంధామయ్య వృత్తి అట్టలు కొట్టడం. చీర అంచులో హంస రావాలన్నా, మామిడిపిందె రావాలన్నా, ఆ రూపాన్ని రంధ్రాలుగా కొట్టిన అట్టల వరుస మగ్గం మీద వేలాడాలి. వయసులో ఉన్నప్పుడు వాటిని ఆయన చేతితోనే కొట్టాడు. కండ్లు మందగించిన పిమ్మట, కంప్యూటరు నడిపే యంత్రమొకటి కొన్నాడు. ఆ వారం ఆ కంప్యూటరు హార్డుడిస్కు చెడిపోయింది. ఆదివారం మధ్యాహ్నానికి యంత్రం కదలకపోతే పాత ఇనుము వ్యాపారి వచ్చి తీసుకుపోవచ్చునని ఆయన మాట ఇచ్చి ఉన్నాడు. అది పోతే, అరవై ఎనిమిదో ఏట ఆయన చేయగల పని మరొకటి లేదు.

లోకేశ్వరి కొత్త హార్డుడిస్కు బిగించింది. దానిలోకి ఆపరేటింగ్ సిస్టమ్ ఎక్కించడమే చిక్కు. మూడు విధాల ప్రయత్నించినా ఆ పాత కంప్యూటరు పెన్‌డ్రైవు నుంచి మొదలు కాలేదు. కొత్త కంప్యూటరు పెడదామంటే, యంత్రాన్ని కలిపే కార్డుకు అందులో చోటు లేదు. యంత్రం తయారుచేసిన కంపెనీ మూతపడి చాలాకాలమైంది. ఆ కంపెనీ ఇచ్చిన సీడీ డిస్కులో పాత విండోసూ, అట్టలు కొట్టే సాఫ్ట్‌వేరూ రెండూ ఉండేవి. ఇక దానినే పట్టుకోవాలి.

మరమ్మతుకు పనికివస్తుందని పరంధామయ్య ఇచ్చి ఉంచగా, ఆ డిస్కు లోకేశ్వరి దుకాణంలోనే ఉండేది. మూడేండ్ల క్రితం దుకాణం సర్దుతూ, డిస్కులకు కాలం చెల్లిందని తీర్మానించి, ఉన్నవన్నీ మునికృష్ణ అనే రైతుకు ఇచ్చివేసింది. చిలకలు బెదరడానికి ఆయన వాటిని జామచెట్లకు కట్టుకున్నాడు.

“ఈటితో ఇంక పని లేదని చెప్పింది నువ్వే కదమ్మా,” అన్నాడు పరంధామయ్య. గొంతులో కోపం లేదు. అదే వినడానికి కష్టంగా తోచింది.

“నేనే చెప్పినాను పెదనాయనా. తప్పు నాది. ఎతికి తెచ్చేదీ నేనే.”

మరునాడు ఉదయం నేనూ వెంట వెళ్లాను. చెట్టుకొకటి చొప్పున డెబ్బైకి పైగా డిస్కులు గాలికి తిరుగుతున్నాయి. సంగతి విని మునికృష్ణ నవ్వాడు. “అవి ఇప్పుడు నా కూలోళ్లు చెల్లెలా. మూడేండ్లుగా సద్ది గూడా అడక్కుండా చిలకల్ని తోలతా ఉండాయి. పని మాన్పిస్తే ఎట్ల?”

“ఒక్కదాన్నే పిలుచుకొని పోతాలే అన్నా,” అని ఆమె నిచ్చెన అడిగింది.

పైనున్న అచ్చు అక్షరాలు ఎండకు పూర్తిగా చెరిగిపోయాయి. అందువల్ల ఆమె ప్రతి డిస్కునూ తిప్పి అడుగుభాగం చూసింది. మనం రాసుకున్న డిస్కుల అడుగు నీలంగానో ఆకుపచ్చగానో ఉంటుందనీ, ఎండకు ఆ పూత చెడుతుందనీ, కంపెనీలో అచ్చు వేసినవి మాత్రం వెండిలా ఉండి ఓర్చుకుంటాయనీ నాకు వివరించింది. వెండివి పదకొండు తేలాయి. వాటిని సబ్బునీళ్లతో కడిగి, పాత పంచెగుడ్డలో చుట్టి తెచ్చింది.

సాయంత్రానికి ఎనిమిదింటిని పెట్టి చూసింది. కొన్ని పాటలవి, కొన్నింటిలో ఏమున్నదో తెలియలేదు. ఆదివారం ఉదయం తొమ్మిదో డిస్కు పెట్టగానే తెరమీద కంపెనీ పేరు వచ్చింది. పరంధామయ్య లేచి నిలుచున్నాడు. ఎక్కింపు సగం దాటి ఆగిపోయింది. అడుగున ఒక గీత ఉన్నది, జామకొమ్మ రాసుకున్నది కాబోలు. ఆమె టూత్‌పేస్టు తీసుకొని, గుండ్రంగా కాక, మధ్యనుంచి అంచుకు తిన్నగా రుద్దుతూ అరగంట కూర్చున్నది. రెండోసారి అదే చోట ఆగింది. మళ్లీ రుద్దింది. వ్యాపారి ఆటో షెడ్డు ముందుకు వచ్చి నిలిచింది. ఇంకెంతసేపని అతడు అడిగాడు. అయ్యేంతసేపని ఆమె తల ఎత్తకుండానే బదులిచ్చింది.

మూడోసారి ఆగలేదు. పన్నెండుంబావుకు యంత్రం మొదటి అట్ట కొట్టింది. పరంధామయ్య దానిని వెలుతురుకు ఎత్తి, రంధ్రాలను వేలితో తడిమి, సరిగా ఉన్నదన్నాడు. వ్యాపారి మంచినీళ్లు తాగి వెళ్లిపోయాడు.

ఇది 2025 నవంబరులో వ్రాస్తున్నాను. పరంధామయ్య డెబ్బైయవ ఏట కూడా అట్టలు కొడుతున్నాడు. లోకేశ్వరి ఆ డిస్కుకు రెండు నకళ్లు తీసి, ఒకటి ఆయన బీరువాలో ఉంచింది. కొత్త కంప్యూటర్లకు ఆమె వాడేది పెన్‌డ్రైవే. డిస్కు లేనిదే బ్రతకని పాతవి మాత్రం నగరిలో పదిహేడున్నాయని లెక్క తేల్చి, వాటి డిస్కులను దుకాణంలోనే భద్రపరచింది. మునికృష్ణ నిరుడు జామచెట్లు తీయించి చెరకు నాటాడు.