ఉతికిన గుడ్డ మీద నా అచ్చు

ఈ రోజు గీదంలో ఒక హాస్టల్ మేడమ్‌కు నా అచ్చుల కిట్ చూపించడానికి వెళ్లాను. అందులో చెక్క అచ్చు, తుప్పు ఇనుముతో చేసిన రంగు, కరక్కాయ నీళ్లలో నానబెట్టి ఆరేసిన గుడ్డ ఉంటాయి. ఆ గుడ్డ మీద అచ్చు గుద్దితే చూస్తుండగానే నల్లగా తేలాలి.

గుద్దాను. తేలలేదు. మళ్లీ గుద్దాను. చాయ్ ఒలికినట్టు వెలిసిన మరక! మేడమ్ గడియారం చూసుకున్నారు. గుడ్డను వెలుతురులోకి ఎత్తి చూశాను. అప్పుడు గమనించాను, కరక్కాయ వల్ల పసుపుపచ్చగా ఉండాల్సిన గుడ్డ తెల్లగా మెరుస్తోంది. వెంటనే తర్లగూడలో మా ఇంట్లో కిట్లు సర్దే మా అత్తకు ఫోన్ చేశాను.

"అత్తమ్మా, కిట్టుల పెట్టే గుడ్డలు ఉతికినవా?"

"మరి? గా పచ్చ మరకలతోనే అమ్ముతవా ఏంది? ఇజ్జత్ పోదా? సబ్బు పెట్టి రెండుసార్లు పిండిన."

సోమవారం మళ్లీ వచ్చి చూపించమని మేడమ్ ఆఖరి అవకాశం ఇచ్చారు. బస్సులో దారంతా అత్త మీద మండిపడుతూ వచ్చాను. ఇంటికొచ్చాక కోపం నా మీదికే తిరిగింది. ఏమీ తెలియనివాళ్ల కోసం కిట్ చేశానని ఊరంతా చెప్పుకున్నాను, ఆ పచ్చదనం ఉంటేనే అచ్చు నల్లగా తేలుతుందని పక్క గదిలో ఉన్న మనిషికి ఒక్క ముక్క చెప్పలేదు.

మీ పనిని ఇంత శ్రద్ధగా ఉతికి ఆరేసినవాళ్లు మీ ఇంట్లోనూ ఉన్నారా?