మేస్త్రి విడిచిపెట్టిన అరచేతంత పొర

మా షీట్ల మేస్త్రి పోయాడని మొన్న మంగళవారం పొద్దున ఆయన కూతురు ఫోన్ చేసి చెప్పింది. "టీచరమ్మా, మా అబ్బా పోయిండు" అని, "మీకు ముందుగాల చెప్పమన్నడు" అంది. ఎవరికి ముందు చెప్పాలో కూడా చూసుకుని పోయిన మనిషి. పనిలోనూ అంతే. మొదటి షీటు ఏ మూల నుంచి ఎత్తుకోవాలో తేలందే నిచ్చెన ఎక్కేవాడు కాదు.

జడ్చర్ల మెయిన్ రోడ్డు మీద మాకొక రెండంతస్తుల కాంప్లెక్సు ఉంది. కింద బట్టల దుకాణం, పైన కంప్యూటర్ క్లాసులు, వెనక మా ఇల్లు. తెలంగాణ వచ్చిన కొత్తలో మా రోడ్డు మీది బిల్డింగులు ఒకదాన్ని చూసి ఒకటి సున్నాలూ రంగులూ మానేసి, మెరిసే అల్యూమినియం షీట్లు తొడుక్కున్నాయి. మాదీ తొడుక్కుంది. నేనప్పుడే రిటైరయ్యాను. ముప్పై ఏళ్లు రసాయనశాస్త్రం చెప్పిన నోరు ఖాళీగా ఉంది. ఆ నోటికి దొరికినవాడు మేస్త్రి.

షీట్లు బిగించడం అయిపోయిన రోజు ఆయన వాటి మీది ప్లాస్టిక్ పొర తీయబోయాడు. తెచ్చేటప్పుడు గీతలు పడకుండా కంపెనీవాళ్లు అతికించి పంపే పలచటి పొర అది. నేను వద్దన్నాను.

"ఉండనియ్యి మేస్త్రీ. లారీల దుమ్మంత దాని మీదనే పడ్తది. షీటు కొత్తగ ఉంటది."

"ఎండకు పట్టుకుంటది టీచరమ్మా. నెలన్నర దాటకముందే తీసెయ్యాలె."

"మా ఇంట్ల ఫ్రిజ్జు మీద పన్నెండేండ్ల సంది ఉన్నది కవరు. ఏమైంది?"

"ఫ్రిజ్జు ఎండల నిలబడ్తదా?"

జవాబు లేనప్పుడు టీచర్లు చేసే పనే చేశాను, గొంతు పెంచాను. ఆయన సామాను సర్దుకుని వెళ్లిపోయాడు.

ఇది నా ఒక్కదాని తెలివి అనుకోకండి. మనం కొత్త సోఫాకు కవరు తీయం, రిమోటుకు తీయం, కారు సీట్లకు అసలే తీయం. వస్తువును వాడి పాడుచేయడం కంటే కవరు కింద దాచి పాడుచేయడమే మనకు మర్యాద.

రెండు ఎండాకాలాలు గడిచాయి. పొర ఎండి పగిలింది. కొన్నిచోట్ల పీలికలై వేలాడింది, మిగతాచోట్ల చర్మంలా అతుక్కుపోయింది. దూరం నుంచి చూస్తే కాంప్లెక్సుకు బొబ్బలు లేచినట్టుండేది. "మేడం, గిరాకీ లోపలికి రాకముందే పాత దుకాణమనుకుంటున్రు" అని బట్టల దుకాణం అతను మర్యాదగానే అన్నాడు. ఇట్లాగే ఉంటే ఖాళీ చేస్తాడని ఆ మర్యాదలోనే తెలిసింది. బాత్రూములు కడిగే యాసిడ్ కొడితే పోతుందని ఎవరో సలహా ఇస్తే డబ్బా కూడా తెప్పించాను. అల్యూమినియం మీద యాసిడ్ పడితే ఏమవుతుందో ఎన్ని బ్యాచులకు బోర్డు మీద రాసి చూపించానో లెక్కలేదు. అయినా డబ్బా మూత తీసి ఒక నిమిషం ఆలోచించాను. తర్వాత మూత పెట్టి మేస్త్రికి ఫోన్ చేశాను.

ఆయన వచ్చి, రోడ్డు మీద నిలబడి, తల పైకెత్తి చాలాసేపు చూశాడు. నేను అప్పుడే చెప్పిన కదా అంటాడని కాచుకుని ఉన్నాను. అనలేదు. "గోరువెచ్చని నీళ్లు కావాలె. రోజు నాలుగు బకెట్లు. మీరే కాగబెట్టాలె" అన్నాడు. శిక్ష వేశాడని మూడో రోజుకు అర్థమైంది.

పదహారు రోజులు పట్టింది. పరంజా మీద కూర్చుని, సబ్బునీళ్ల గుడ్డతో నానబెట్టి, ప్లాస్టిక్ పలకతో వేలెడంత వేలెడంత లేపేవాడు. ఇనుప పనిముట్టు దగ్గరికి రానిచ్చేవాడు కాదు. మధ్యాహ్నం ఎండ గోడ మీదికి రాగానే దిగిపోయేవాడు. కాలిన షీటు మీద సబ్బు ఎండితే మచ్చ పడుతుందట. ఒకరోజు నేను సాయం చేద్దామని కింద షీటును పొడిగుడ్డతో తుడవబోతే పైనుంచే కేకేశాడు. "ముందుగాల నీళ్లు కొట్టుండ్రి. దుమ్ము మీద గుడ్డ రుద్దుడంటే గరుకు కాయితం రుద్దినట్టే."

అప్పుడే ఒక మూలన తుప్పు చార చూశాడు. ఎవరో బోర్డు తగిలిస్తూ ఇనుప స్క్రూ దించారు. "గీ రెండు లోహాలకు పడదు టీచరమ్మా. నడుమ రబ్బరు పెట్టాలె. లేకుంటే వాన పడ్డప్పుడల్ల ఒకటి ఇంకోదాన్ని తింటది" అని, దాన్ని పీకి కొత్తది బిగించాడు. తడి తగిలితే ఏ లోహం ఏ లోహాన్ని తింటుందో నేను పట్టిక వేసి చెప్పేదాన్ని. ఆయన చదివింది ఐదో తరగతి. నా పట్టిక మొత్తం ఆయన వేలి కొసన ఉంది. నాకు కొంచెం కుళ్లుగానే ఉండింది.

చివరి రోజు ముందుభాగమంతా అద్దంలా తేలింది. షటరు పక్కన, కంటి ఎత్తున, అరచేతంత పొర మాత్రం మిగిలిపోయింది.

"గిది మరిచిపోయినవ్ మేస్త్రీ."

"మరువలే. ఉండనియ్యుండ్రి."

ఉండనియ్యి అనే మాట ఆయన నా నోట్లోంచే తీసుకున్నాడు.

ఆ తర్వాత ఆయన కొత్త బిల్డింగుల ఓనర్లను తోలుకుని రావడం మొదలుపెట్టాడు. "టీచరమ్మా, జర బయటికి రండ్రి" అని పిలిచి, వాళ్లను ఆ అరచేతంత పొర ముందు నిలబెట్టి, "మీరే చెప్పుండ్రి" అని పక్కకు జరిగేవాడు. మొదటిసారి రెండు ముక్కల్లో చెప్పి లోపలికి వెళ్లిపోయాను. నాలుగోసారికి ఉదాహరణలతో చెప్పాను. రిటైరయ్యాక నేను చెప్పిన పాఠం అదొక్కటే, అందులో విషయం నా తెలివితక్కువతనం. నా పాత విద్యార్థులు ఏమయ్యారో తెలియదు గానీ, ఈ విద్యార్థులు మాత్రం ఆ వారమే పొర తీయించేవారు.

ఒకసారి ఉండబట్టలేక అడిగాను. "నా ఇజ్జత్ తీయనీకే ఉంచినవా దీన్ని?"

"నేను చెప్తే పనోడు చెప్పిండంటరు. మీరు చెప్తే ఇంటరు" అని, "మీరే ఇనలే గద" అన్నాడు. నవ్వలేదు కూడా.

ఏటా వానలకు ముందు పిలవకుండానే వచ్చేవాడు. షీట్లు కడిగేవాడు. అతుకుల్లో సిలికాన్ ఎక్కడ విడిచిందో వేలితో తడిమి చూసేవాడు. ఒక్కో షీటును పిడికిలితో తట్టి చెవి పెట్టి వినేవాడు. మా ఇంటికి వచ్చే డాక్టరు కూడా నన్నంత శ్రద్ధగా వినలేదు.

ఈ చలికాలం చివర రోడ్డుకు అవతల మందుల దుకాణం అతను నాలుగంతస్తులు లేపాడు. షీట్లు బిగించింది మా మేస్త్రే. పొర మాత్రం తీయనివ్వలేదు. మూఢం పోయాక ముహూర్తం, ఆ రోజే తీస్తానన్నాడు. అతన్ని నా దగ్గరికి తోలుకొచ్చేలోపే మేస్త్రి పాలమూరు దవాఖానలో పడ్డాడు. చూడటానికి వెళ్తే తన ఒంటి సంగతి ఎత్తనే లేదు.

"గా షీట్లు ఇంక గట్లనే ఉన్నయా?"

"ఉన్నయి."

"ఎండ ముదురుతాంది టీచరమ్మా. మీరు చెప్పుండ్రి."

"తోలుకొచ్చుడు నీ పని, చెప్పుడు నా పని. లేచి రా."

"ఈసారి రెండు పనులు మీరే చేయాలె" అన్నాడు.

ఆయన్ను ఖబరస్తాన్‌కు తీసుకుపోయాక కాసేపు ఆ ఇంట్లో ఆయన భార్య, కూతురి దగ్గర కూర్చుని వచ్చాను. మర్నాడు రోడ్డు దాటాను. మందుల దుకాణం అతను కుర్చీ వేశాడు, నీళ్లిచ్చాడు, అంతా విన్నాడు.

"మూఢం పోనీ టీచరమ్మా. ముహూర్తం నాడు తీస్తే కొత్తగ మెరుస్తది."

"మూఢమున్నదని సూర్యుడు ఆగుతడా? సరే, నన్ను జర రోడ్డు దాటియ్యి బిడ్డా, కండ్లు కనవడ్తలేవు."

నా కళ్లు బాగానే ఉన్నాయి. అయినా ముసలిదాన్ని రోడ్డు దాటించనని ఎవరంటారు? చెయ్యి పట్టుకుని దాటించాడు. దాటాక ఆ చేతిని నేను వదల్లేదు. అతని వేలును ఆ పొర మీద పెట్టాను. "గోరుతోని తియ్యి" అన్నాను. తీయబోయాడు. గోరు వంగింది. పొర కదల్లేదు.

"ఇది అరచేతంత. నీది నాలుగంతస్తులు. నానబెట్టి తీసేటాయన మొన్ననే పోయిండు."

అతను షటరు వైపు చూశాడు, తన బిల్డింగు వైపు చూశాడు, రోడ్డు దాటి వెళ్లిపోయాడు.

తర్వాతి రోజు పొద్దున చాయ్ తాగుతుంటే చప్పుడు వినబడి బయటికి వచ్చాను. మేస్త్రి దగ్గర పని నేర్చిన ఇద్దరు ఎదుటి పరంజా మీద ఉన్నారు. పైన మూల నుంచి మొదలుపెట్టారు, ఆయన మొదలుపెట్టే మూలే. పొర చిరగకుండా దుప్పటంత వెడల్పున ఊడి, గాలికి ఉబ్బి, మెల్లగా కిందికి దిగుతోంది. వెనక బయటపడిన షీట్ల మీద ఎండ పడి, ఆ వెలుగు రోడ్డు దాటి మా కాంప్లెక్సు మీదికి వచ్చింది. గోడంతా మెరిసింది, షటరు పక్కన అరచేతంత జాగా తప్ప.