నల్లవడ్ల మండె

మా అమ్మ లెక్కలో లోకంలో మనుషులు రెండే రకాలు: వరి తెలిసినవాళ్ళు, తెలియనివాళ్ళు. బిలాస్‌పూర్ రైల్వే కాలనీ మొత్తం రెండో రకమని ఆవిడ తీర్మానం. శ్రీకాకుళం పల్లెలో మోకాలి లోతు బురదలో పెరిగి, పెళ్ళయ్యాక నాన్న వెంట ఈ క్వార్టర్‌కి వచ్చిపడింది. వచ్చాక నేలంటే పెరట్లో తోటకూర మడి ఒక్కటే. అయినా ఆ గీర తగ్గలేదు. ఎనభైలలో ఒక వానాకాలం మొదట్లో ఆ గీర ఇంకొకరి చేను మీదకి వచ్చింది.

ఆ ఇంకొకరు కొండ మీది ఊరి నుంచి వచ్చే ఒకావిడ. పెండ్రా వైపు రైలు ఘాట్ ఎక్కి సొరంగం దాటాక ఒక చిన్న స్టేషన్ వస్తుంది. అక్కడ దిగి అడవిలో పైకి నడిస్తే వాళ్ళ ఊరు. పాసింజర్‌లో వచ్చి మా కాలనీలో ఇప్పపువ్వు, చారపప్పు, అడ్డాకులు అమ్మేది. అమ్మ ఈడుదే, భర్త పోయాడు. అమ్మకి హిందీ అంతంతమాత్రం, ఆవిడకి తెలుగు సున్నా. అయినా మా వరండాలో గంటల తరబడి మాట్లాడుకునేవాళ్ళు. మాట తెగిన చోట అతుకు వెయ్యడం నా పని. అప్పటికి కాలేజీ చదువు ముగించి, ఉద్యోగం రాక, ఇంట్లో అందరి మీదా విసుక్కుంటూ ఉండేదాన్ని.

ఆ వేసవిలో ఆవిడ రెండు వడ్ల మూటలు తెచ్చింది. రెండూ అడ్డాకుల్లో చుట్టి తీగతో బిగించినవే. "ఒకటి నీకు దీదీ, అటుకులు దంచుకో. రెండోది నా విత్తనం. దాచిపెట్టు," అంది. ఇంట్లో ఉంచితే మరిది ఎత్తుకుపోతాడని భయం. వాళ్ళ ఊళ్ళో కట్టుబాటు ఒకటుంది. వానలు పడ్డాక విధవరాలి చేలో విత్తనం పడకపోతే భర్త తమ్ముడు దాన్ని దున్నుకోవచ్చు. ఒకసారి అతని నాగలి దిగితే చేను అతనిదే.

ఏ మూట ఏదో ఆవిడ చెప్పలేదు. వరి తెలిసిన మనిషికి చూస్తే తెలియదా అనుకుంది. అమ్మ కూడా అలాగే అనుకుంది.

తొలివాన పడగానే అమ్మ మనసు అటుకుల మీదకి పోయింది. మూటలు రెండూ విప్పింది. ఒకదాంట్లో లావుగా, పసుపుపచ్చగా ఉన్న బలమైన గింజ. ఇంకోదాంట్లో సన్నగా, నల్లగా, మీసాలున్న గింజ. మా వైపు రాశిలో మేలైనది ఏరి విత్తనానికి ఉంచుతారు, మిగిలింది తింటారు. అమ్మ ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు.

"ఈ బంగారం ఇత్తనం. ఈ బొగ్గు మనకి," అని నల్లవడ్లు అటుకులకని గంగాళంలో పోసి నానబెట్టేసింది. బాగా నానాలని రెండు రాత్రులు వదిలేసింది.

రెండో రాత్రి తెల్లారాక ఆ కొండ ఊరి ముసలమ్మ ఒకామె కబురు మోసుకొచ్చింది. కొండ మీద వాన దంచేసింది. మరిది ఎద్దులతో చేను దగ్గర తిరుగుతున్నాడు. ఆవిడ గట్టు వదిలి రాలేక అక్కడే కాపలా కూర్చుంది, విత్తనం పంపమంది. చెబుతూ చెబుతూ ముసలమ్మ గంగాళం వైపు చూసి నెత్తిన చెయ్యి పెట్టుకుంది.

"ఏ తో బీజా ఆయ్, బాయీ!"

ఇదే విత్తనం. ఆ లావు వడ్లు కొండ మీద పండనే పండవట. మా కోసమని ఆవిడ కింద సంతలో కొని తెచ్చినవట.

"ఓలమ్మో, ఏటి సేసేసేను!" అని అమ్మ గుమ్మంలో కూలబడింది.

"ఎండబెడితే?" అన్నాను.

"సచ్చిపోద్దే. నానిన ఇత్తనానికి ముందుకే గానీ ఎనక్కి దారి నేదు." కళ్ళు తుడుచుకుని లేచింది. "గోనె తే. మండె కట్టేస్తాను."

నారు పోసే ముందు మా వైపు చేసే పని అది. నానిన వడ్లు తడిగోనెలో బిగించి కడితే లోపల వేడి పుట్టి మొలక వస్తుంది. వేడి చాలకపోతే మొలక రాదు, ఎక్కువైతే గింజ ఉడికిపోతుంది. నాన్న షెడ్డులో డ్యూటీలో ఉన్నాడు. పక్క క్వార్టర్‌లో కబురు చెప్పి, ముసలమ్మని వెంటబెట్టుకుని పాసింజర్ ఎక్కాం.

రైలు కోటా స్టేషన్ దాటేదాకా బాగానే నడిచింది. ఆ తర్వాత ఒక చిన్న స్టేషన్‌లో మెయిన్ లైన్ తప్పించి పక్క పట్టాల మీద, లూప్‌లో పడేశారు. ఒక గూడ్స్ పోయింది. ఇంకోటి పోయింది. మేం కదల్లేదు. పెట్టెలో జనం, ఉక్క. అమ్మ గోనెలోకి చెయ్యి దూర్చి చూసి ఉలిక్కిపడింది.

"కాలిపోతందే. నీళ్ళు!"

చెంబు పట్టుకుని దిగి పంపు దగ్గరికి పరిగెత్తాను. పంపు ఎంత కొట్టినా గాలే వస్తోంది. ఇంజన్ కూత వేసింది. నీళ్ళు సగం చెంబు నిండేసరికి రైలు కదిలింది. ముసలమ్మ నా జబ్బ పట్టి లోపలికి లాగకపోతే ఇవాళ ఈ కథ చెప్పేదాన్ని కాదు. అమ్మ నా వంక చూడను కూడా చూడలేదు, చెంబు అందుకుని గోనె మీద పోసింది. ఎదుటాయన చెప్పులు తడిసి ఆయన కేకలేశాడు.

"నీ బొగ్గు విత్తనం నన్ను చంపేసేది," అన్నాను ఒళ్ళు మండి.

"నువ్వు బతికేవు కదా. ఇది బతకాల," అంది అమ్మ. ఆ మాటకి నాకు ఏడుపొచ్చింది.

ఊరు చేరేసరికి సన్నగా వాన పడుతోంది. ఎర్రటి వాలు నేల, అందులో నీళ్ళు ఆగకుండా జారిపోతున్నాయి. గట్టు మీద ఆవిడ తడుస్తూ కూర్చుంది. కాస్త దూరంలో మరిది, కాడి కట్టిన ఎద్దులు. అమ్మని చూడగానే ఆవిడ ముఖం విప్పారింది. గోనె విప్పి తెల్లటి మొలకలు చూడగానే ఆ వెలుగు పోయింది. మా కొండ మీద పొడి విత్తనమే చల్లుతాం, ఈ మొలకలు వాలులో కొట్టుకుపోతాయి, నా చేను తినేశావు అని అరిచింది. అమ్మకి ప్రతి మాటా అర్థమైంది. ఈసారి నేను అతుకు వెయ్యాల్సిన పని లేకపోయింది.

ఊరి పెద్ద వచ్చి తీర్పు చెప్పాడు. "విత్తనం పడితే నాగలి ఆగాలి. రాఖీ పండగ నాటికి ఎంతమేర పచ్చగా ఉంటే అంత ఆమెది. మిగతాది మరిదిది."

ఆవిడ సగం గింజలు పైన వాలులోనే చల్లేసింది, మొండిగా. అమ్మ వాదించలేదు. చేను అడుగున ఊటనీరు దిగే పల్లం ఒకటుంది. తుంగ మొలిచి ఎవరికీ పట్టని చోటు. అమ్మ చీర ఎగదోపి అందులో దిగి, తుంగ పీకి బురద తొక్కడం మొదలుపెట్టింది. నేనూ దిగాను. మరిది నవ్వాడు. కాసేపటికి ఆవిడ కూడా వచ్చి పక్కన తొక్కింది. మిగిలిన మొలకలు అమ్మ చేత్తో ఆ బురదలో పరుచుకున్నాయి. వచ్చేటప్పుడు ఆవిడ మమ్మల్ని సాగనంపలేదు.

ఆ తర్వాత ఆవిడ కాలనీకి రావడం మానేసింది. పాసింజర్ వచ్చే వేళకి అమ్మ ఏదో పని పెట్టుకుని గేటు దగ్గరే తచ్చాడేది. వాన జోరుగా కురిస్తే కొట్టుకుపోయి ఉంటాయని, కురవకపోతే ఎండిపోయి ఉంటాయని బెంగ. లావు వడ్ల మూటని ముట్టుకోనివ్వలేదు. "ఆవిడకి ఇచ్చీయాల," అనేది.

రాఖీ మర్నాడు మా వీధి ఆడపిల్లలు గోధుమ మొలకల బుట్టలు నెత్తిన పెట్టుకుని అర్పా నదికి వెళ్తున్నారు. భోజలి పండగ. మొలకలు నదిలో కలిపి, కొన్ని తెచ్చి నచ్చిన మనిషి చెవి మీద పెడతారు. ఆ రోజు నుంచి ఇద్దరూ జన్మంతా స్నేహితులు. ఒకరినొకరు పేరు పెట్టి పిలవరు, 'భోజలి' అనే పిలుచుకుంటారు. ఆ పిల్లల వెనకాల ఆవిడ వచ్చి మా గేటు తీసింది.

"పైదంతా పోయింది," అంది. "పల్లం నిలిచింది. అది నాది."

ఆవిడ కొంగుముడి విప్పింది. అందులో గోధుమ మొలకలు లేవు, పల్లంలోంచి తెచ్చిన వరిపోచలున్నాయి. వాటిని అమ్మ చెవి మీద దోపి "భోజలీ" అంది. అమ్మ ఒక పోచ తీసి ఆవిడ చెవి మీద పెట్టింది. తర్వాత గబగబా లోపలికి వెళ్ళి లావు వడ్ల మూట తెచ్చి ఆవిడ చేతుల్లో పెట్టింది.

ఆవిడ పగలబడి నవ్వి, మూట విప్పి, గంగాళం తానే ఈడ్చుకొచ్చి వడ్లన్నీ అందులో కుమ్మరించింది. నీళ్ళ బిందె ఎత్తుతూ అమ్మ ఆగిపోయింది.

"భోజలీ," అంది అమ్మ తన వంకర హిందీలో, "ఇది తినేదేనా? నిజంగా?"

ఆవిడ బిందె అందుకుని నీళ్ళు పోసేసింది.