పదకొండు దగ్గర ఆగిన పెట్టె

తమిళనాట రాజపాళయంలో తెలుగు రాజులంటే మిల్లు ఉండి తీరాలని బయటి ఊళ్ళవాళ్ళ నమ్మకం. శంకర రాజాకు ఉన్న మిల్లల్లా వంటింట్లో పిండి రుబ్బే గ్రైండరు. యాభై ఆరేళ్ళ మనిషి, ముప్పై రెండేళ్ళుగా పెళ్ళిళ్ళు వీడియో తీస్తున్నాడు. క్యాసెట్ల కాలంలో మొదలుపెట్టాడు. ఆ తర్వాత సీడీలు వచ్చాయి, పోయాయి. ఇప్పుడు ఊళ్ళోవాళ్ళ తాళికట్టులన్నీ అతని హాల్లో, టీవీ పక్కన బల్ల మీద, టిఫిన్ క్యారియరంత నల్ల హార్డ్‌డిస్క్ పెట్టెలో ఉన్నాయి. ల్యాప్‌టాప్ నుంచి ఫైళ్ళు వైఫైలో మోడెం దాకా పోతాయి, అక్కణ్ణుంచి ఒక వైరు గుండా ఆ పెట్టెలోకి దిగుతాయి. దిగాలి. నాలుగు నెలలుగా దిగడం మానేసి కారుతున్నాయి.

సెకనుకు పదకొండు ఎంబీ, అంతే. మునుపు అరవై దాకా పోయేది. ఇప్పుడు ఒక్క పెళ్ళి ఎక్కడానికి పది గంటలు పడుతోంది. మధ్యలో కరెంటు రెప్పపాటు పోయిందా, మళ్ళీ మొదటికి. పెట్టెలోకి చేరిందని తన కళ్ళతో చూసుకుంటేగాని కెమెరా కార్డు చెరపడు శంకర. క్యాసెట్ల రోజుల్లో ఒకసారి ఒక పెళ్ళి మీద ఇంకో పెళ్ళి ఎక్కించేశాడు. ఆ పెళ్ళికూతురు ఇప్పటికీ బజారులో ఎదురైతే మొహం తిప్పుకుంటుంది. అందుకే కుర్చీ వేసుకుని ఆ అంకె ముందు కూర్చుంటాడు. తినేది అక్కడే, కునుకు తీసేదీ అక్కడే.

చేయని వైద్యం లేదు. మోడెంను అలమారా మీద పెట్టాడు, కిటికీలో పెట్టాడు, వైరు మార్చాడు, పక్కింటివాళ్ళ వైఫై అడ్డం వస్తోందని వాళ్ళతో తగువు పడ్డాడు. నెట్ కంపెనీవాడు వచ్చి గోడలు మందమన్నాడు. ఆడలేక మద్దెల ఓడన్నట్టు, నలభై ఏళ్ళ గోడలకు నిన్న మొన్న మందం వచ్చిందట!

ఈ అవస్థలో భార్య అమ్మణి అప్పుడప్పుడూ తలుపు దగ్గర నిలబడేది. "ఏమండి, ఒక మాట" అనేది. "ఉండు, కాపీ అవుతా ఉంది" అనేవాడు, అంకె మీంచి చూపు తియ్యకుండా. ఆమె వెళ్ళిపోయేది. మార్గళి, అంటే ధనుర్మాసం, నెలంతా వీధిలో ఇంటింటికీ ముగ్గులు పరుచుకుంటే వీళ్ళ గడప ఒక్కటే బోసిగా ఉంది. అడిగితే మోకాలి నొప్పి అంది అమ్మణి. సరేనని నొప్పుల తైలం ఒక సీసా తెచ్చి ఇచ్చాడు, అక్కడికి తన బాధ్యత తీరిందనుకున్నాడు.

ఆ గురువారం పొద్దున మాత్రం గండం నిజంగానే మెడ మీదికి వచ్చింది. సత్రపట్టిలో తీసిన పెళ్ళితో కార్డులన్నీ నిండి ఉన్నాయి. మరునాడు తెల్లారితే చోళపురంలో ముహూర్తం, దానికి ఖాళీ కార్డులు కావాలి. కొత్తవి సోమవారానికిగాని రావు. ల్యాప్‌టాప్ ఇంతకుముందే పెట్టెలోకి ఎక్కని పెళ్ళిళ్ళతో కుక్కుకుపోయి ఉంది. సంక్రాంతితో మొదలైన ఈ తై మాసంలోనే రెండు ముహూర్తాలు వినోత్‌కు వదిలేశాడు. వినోత్ ఇదే పని చేసే కుర్రవాడు, డ్రోను ఉన్నవాడు. మూడోదీ వదిలితే ఇక జనం శంకరను అడగడం మాని నేరుగా వినోత్‌కే ఫోను చేస్తారు. చేయి చాచి సహాయం అడగడం ఇష్టం లేకపోయినా, చివరికి సత్యప్రియను పిలిచాడు.

సత్యప్రియకు పాత బస్టాండు దగ్గర కంప్యూటర్లు బాగుచేసే అంగడి ఉంది. ఆమె పెళ్ళి వీడియో తీసింది కూడా శంకరే. ఆమె వచ్చి, ఏమీ ముట్టుకోకుండా పది నిమిషాలు ఆ అంకెనే చూసింది.

"వైఫై అంటే ఎక్కుతా దిగుతా ఉంటుంది అన్నా. ఇది పదకొండు దగ్గర కట్టేసినట్టు నిలిచింది. తప్పు వైఫైది కాదు, వైరు పక్కనే దా."

"వైరు మారిస్తినే!"

"అయితే అప్పురం తప్పు పెట్టెదే దా. వైరులో ఎనిమిది సన్న తీగలు ఉంటాయి. ఒకటి తగలకపోయినా వైరు వేగం పదో వంతుకు పడిపోతుంది."

వైరు పీకి, పెట్టెను కిటికీ వెలుతురులోకి తీసుకుపోయి వీపు తిప్పింది. వైరు గుచ్చే గుంటలోకి ఫోను లైటు వేసింది. లోపల పచ్చగా, ఎర్రగా ఏదో ఎండి అట్టకట్టి ఉంది.

"ఇది సందనం కదా అన్నా? కుంకుమ కూడా ఉండాది."

శంకరకు అప్పుడు తట్టింది. దసరా ఆయుధ పూజ. ఆ రోజు కెమెరాలు, స్టాండులు, ఈ పెట్టె, అన్నీ పీకి దేవుడి ముందు పెట్టారు. అమ్మణి అన్నిటికీ బొట్లు పెట్టింది. తళవాయిపురంలో పెళ్ళి నిశ్చయానికి ఆలస్యమవుతోందని అతను చూసుకోకుండా వైరు గుచ్చి పరుగెత్తాడు. చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికినట్టు, నాలుగు నెలలు వీధిలోని వైఫైలన్నిటినీ తిట్టాడు. నాలుగు నెలల అలసట ఒక్కసారిగా కోపమై లేచింది.

"అమ్మణీ!"

ఆమె వంటింట్లోంచి గోడకు చేయి ఆనించుకుంటూ వచ్చింది.

"పెట్టెకు మొహాన పెట్టే బొట్టు వీపున పెడతావా? నా ప్రాణం తీసినావు కదే!"

"ముందరే దా పెట్టినానండి," అంది అమ్మణి. "అదో చూడండి, ఆనవాలు ఇంకా ఉంటుంది."

ఆమె వేలు టీవీ పక్కన బల్లను చూపిస్తోంది. బల్ల మీద ఏమీ లేదు. పెట్టె ఉండిన చోట దుమ్ము లేని చదరం మాత్రం ఉంది. పెట్టె ఆమెకు రెండు బారల దూరంలో, ఎండ వెలుతురులో, సత్యప్రియ చేతుల్లో ఉంది.

సత్యప్రియ తల వంచుకుంది.

"ఎన్నాళ్ళుగా?" అన్నాడు శంకర.

"పూజకు రెండు నెలల ముందు, ఆడి మాసంలో మొదలైంది. కండ్లకు పొగ మాదిరి. షుగరు వల్లే దా అనుకొంటిని. పూజనాడు తడివి తడివి పెట్టినా. గుంట చేతికి తగిలింది, అదే మొహం అనుకొంటిని."

"నాకు ఎందుకు చెప్పలేదే?"

"చెప్పేదానికి ఎన్ని తూర్లు వస్తిని! కాపీ అవుతా ఉంది అంటిరి. సరి, అయినాక చెప్పుదామని ఉంటిని." కాస్త ఆగి అంది, "అది అవనే లేదు కదండీ."

ముప్పై రెండేళ్ళు పెళ్ళికూతుళ్ళను "ఇట్లా చూడమ్మా, ఇట్లా" అంటూ బతికినవాడు, ఇంట్లో మనిషి ఎటు చూస్తోందో చూసుకోలేదు.

సత్యప్రియ బ్యాండేజీ గుడ్డ ముక్కను స్పిరిట్‌లో తడిపి గుంటలోని చందనం తుడిచింది. వైరు గుచ్చింది. అంకె అరవై రెండుకు ఎగిరింది. నాలుగు నెలలు ఆ అంకె కోసం మొక్కుకున్నవాడు దాన్ని ఒకసారి చూసి ఊరుకున్నాడు. మధ్యాహ్నం షిఫ్టుకు మిల్లు సంగు కూసేలోపే సత్రపట్టి పెళ్ళి మొత్తం లోపలికి చేరింది, కార్డులు ఖాళీ అయ్యాయి.

శంకర వినోత్‌కు ఫోను చేసి చోళపురం ముహూర్తం ఇచ్చేశాడు.

"కార్డులు కాలీ అయినాయి కదండీ, ఎందుకు ఇస్తిరి?" అంది అమ్మణి కంగారుగా.

"రేపు మదురైకి పోతాము. కంటి ఆసుపత్రికి."

సాయంత్రం అతను సంచిలో ఆమె మందుల చీట్లు సర్దుతుంటే, గోడ పట్టుకుని వచ్చి తలుపు దగ్గర నిలబడింది.

"ఏమండి, ఒక మాట."

అలవాటు కొద్దీ "ఉండు" అనే మాట అతని నాలుక దాకా వచ్చింది. దాన్ని మింగేసి, సంచి కింద పెట్టాడు.

"చెప్పు."

"నాకు భయంగా ఉండాది," అంది అమ్మణి.